వజ్రం కొనబోతే మిల్లీమీటర్లు అడగండి

నిశ్చితార్థం ఉంగరానికి రాయి చూసుకోవాలని మా మేనకోడలు మొన్న నెల్లూరు నుంచి వచ్చింది. చెన్నై పాండీ బజార్‌లో కాఫీ తాగుతుంటే, "అత్తా, నాకు రౌండ్ కట్ కావాలి, పియర్ కట్ వద్దు" అంది. టీ నగర్‌లో పదహారేళ్ళు వజ్రాల కౌంటర్ వెనక నిలబడిన దాన్ని, రోజూ విన్న మాటే. రౌండ్, పియర్, ఓవల్ అన్నవి ఆకారాలు. ఆ ఆకారంలో పట్టెలు, అంటే రాయి మీది చదును ముఖాలు, ఏ కోణంలో తీర్చారో, అదీ కట్ అంటే.

ముడిరాయి చాలాసార్లు రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. దాన్ని మధ్యకు కాస్త పైగా కోస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు రాళ్ళొస్తాయి. తర్వాత నడుము గుండ్రం చేస్తారు. ఆపైన నూనెలో కలిపిన వజ్రపు పొడి పూసిన ఇనుప చక్రం మీద పట్టెలు తీరుస్తారు. వజ్రం వజ్రాన్నెలా అరగదీస్తుందంటారా? చెక్కకు నార ఉన్నట్టే దీనికీ ఒక వాటం ఉంది, కొన్ని దిక్కుల్లో గట్టి, కొన్ని దిక్కుల్లో కాస్త మెత్తన. పొడిలో రేణువులు అన్ని దిక్కులకీ తిరిగి ఉంటాయి కాబట్టి, గట్టి అంచు తగిలినవి పని చేస్తాయి. రౌండ్ రాయికి మొత్తం 57 పట్టెలు, అడుగు మొన కూడా చదును చేస్తే 58.

ముడిరాయిలో సగం పైగా పొడి కింద పోతుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. అమ్మేది బరువుకి. క్యారెట్‌లో నూరోవంతు సెంటు. 98 సెంట్ల రాయికీ నిండు క్యారెట్‌కీ ధరలో బాగా తేడా. అందుకని నడుము లావుగా, అడుగు లోతుగా వదిలేసి బరువు నిలుపుకుంటారు. కానీ లోపలికెళ్ళిన వెలుగు అడుగు పట్టెల మీద సరైన కోణంలో పడితేనే పైకి తిరిగొస్తుంది, లేకపోతే కిందినుంచే జారిపోతుంది. అడుగు కోణం 40.75, పైభాగం 34.5 డిగ్రీలుంటే మేలని, వజ్రాలు తీర్చే ఇంట పుట్టిన మార్సెల్ తొల్కోవ్‌స్కీ 1919లోనే లెక్కగట్టాడు. రాయితో ఇచ్చే ల్యాబ్ సర్టిఫికెట్‌లో ఈ రెండంకెలూ చూడండి, కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు.

తర్వాత వెడల్పు. చక్కగా తీర్చిన క్యారెట్ రౌండ్ రాయి సుమారు 6.5 మిల్లీమీటర్లుంటుంది. 6.2 ఉంటే మీ డబ్బు అడుగున దాక్కున్నట్టు. అలాంటి రాయి నడిమధ్య నల్లగా కనిపిస్తుంది.

మరీ వెడల్పున్నా మురిసిపోకండి. నా మొదటి ఉంగరం 30 సెంట్లు. మామూలుగా 4.3 ఉండాల్సింది 4.6 ఉందని ఎగిరి గంతేశాను. ఇంటికొచ్చి ట్యూబ్‌లైట్ కింద చూస్తే లోపల తెల్లటి వలయం, అచ్చం ఉడికిన చేప కన్ను. అడుగు లోతు చాలని రాయి అది. షాపు స్పాట్‌లైట్ల కింద గాజుపెంకు కూడా తళుక్కుమంటుంది. రాయిని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి నీడలో చూడండి, మొహమాటం వద్దు.

పాత నగలకు ఈ లెక్కలు పెట్టకండి. అమ్మమ్మ ఏడురాళ్ళ కమ్మల్ని "బ్లూ జాగర్" అని, అంటే నీలిఛాయ మేలిరకం వజ్రాలని, గొప్పగా చెప్పుకునేది. భూతద్దంలో చూస్తే ఒక్కో రాయి మధ్యలో చిన్న చిల్లిలా కనిపిస్తుంది. అది చిల్లి కాదు, మొన చదునుగా అరగదీసిన పాతకాలపు పనితనం. కొత్త పద్ధతిలో మళ్ళీ తీర్పించమని ఒకాయన సలహా ఇచ్చాడు. 1852లో కోహినూరును అలా తీర్చబోతే 191 క్యారెట్లు 105.6కి దిగింది. మా ఏడురాళ్ళు చిక్కిపోతే ఆ కమ్మల గూళ్ళలో నిలుస్తాయా? వద్దన్నాను.

షాపులో మేనకోడలి ముందు క్యారెట్ రాయి, 90 సెంట్ల రాయి పెట్టించాను. వెడల్పు కొలిచే వెర్నియర్ అడిగితే ఆ అబ్బాయి కాస్త మొహం ముడుచుకున్నాడు. రెండూ 6.2 మిల్లీమీటర్లే. మా పిల్ల గుమ్మం దాకా తీసుకెళ్ళి చూసి, 90 సెంట్లదే వేలి మీద పెట్టుకుంది.