ఉద్యోగం ఎదుగూ బొదుగూ లేకుండా ఆగిపోయిందనిపిస్తే ఏం చేయాలి?

పొద్దున లేవగానే ఆఫీసు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది. ఒకప్పుడు ఇష్టపడి చేసిన పనినే ఇప్పుడు ఈడ్చుకుంటూ చేయాల్సి వస్తుంది. ఇలాంటప్పుడు చాలామంది పళ్లబిగువున ఓర్చుకుంటారు, లేదంటే ఓ రోజు విసుగు తలకెక్కి రాజీనామా ఇచ్చేస్తారు. రెండూ జబ్బేమిటో తెలుసుకోకుండా మందు మింగడం లాంటివే.

బాగా అలసిపోయిన మనిషి ఉద్యోగం మారితే ఆ అలసట కూడా వెంట వస్తుంది. పైగా కొత్తచోట మొదటి నెలల్లో తనేమిటో చూపించుకోవాలనే ఒత్తిడి దానికి తోడవుతుంది. పని కొట్టిన పిండి అయిపోయి విసుగెత్తిన మనిషి సెలవు పెట్టినా లాభం ఉండదు, తిరిగొచ్చిన మర్నాటికే మళ్లీ అదే విసుగు. అందుకని ముందు కారణం పట్టుకోవాలి. దానికి 2 వారాలు, మిగతా మార్పులకు మరో 10 వారాలు కేటాయించండి. ఈ 12 వారాల్లో రాజీనామా గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. వేధింపులు ఉన్నా, ఆరోగ్యం దెబ్బతింటున్నా మాత్రం ఈ గడువు మీకు వర్తించదు.

1. పది పనిదినాలు పని లెక్క రాయండి

ఒక నోట్‌బుక్కులో నాలుగు గడులు గీయండి: చేసిన పని, పట్టిన సమయం, అది పూర్తయ్యాక ఓపిక పెరిగిందా తగ్గిందా (+1, 0, -1), ఎందుకో మూడు నాలుగు మాటల్లో. భోజనానికి లేచే ముందు ఒకసారి, ఇంటికి బయల్దేరే ముందు ఒకసారి రాయండి. ఒక్కోసారికి 3 నిమిషాలు చాలు.

వారాంతంలో కూర్చుని అంతా ఒకేసారి రాద్దామనుకుంటే లెక్క తప్పుతుంది. జరిగినవాటిలో బాగా ఘాటుగా తగిలినదీ చివర్లో జరిగినదీ మాత్రమే మనకు గుర్తుంటాయి. శుక్రవారం సాయంత్రం బాస్ చిరాకుపడితే ఆ వారమంతా పాడైపోయినట్టే కనిపిస్తుంది. ఇంకో పొరపాటు, ‘ఈరోజు అస్సలు బాగోలేదు’ అని తీర్పు రాసి వదిలేయడం. దానివల్ల ఏమీ తెలియదు. ‘రిపోర్టు, 2 గంటలు, -1, మూడోసారి మార్చమన్నారు’ అని రాస్తే పనికొస్తుంది. లెక్కలు ముగించే వారాలు, ఆడిట్ వారాలు, సెలవు నుంచి వచ్చిన మొదటి వారం ఈ పనికి ఎంచుకోవద్దు, అవి మామూలు రోజులు కావు.

2. కారణానికి పేరు పెట్టండి

పది రోజుల లెక్క ముందు పెట్టుకుని -1లన్నీ ఒకచోట చేర్చండి. దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింటిలో ఏదో ఒకటి బయటపడుతుంది.

అలసట. అన్ని పనులకూ -1 పడుతుంది, ఒకప్పుడు ఇష్టమైనవాటికి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో బర్నవుట్‌ను ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చేర్చింది, వ్యాధిగా కాదు. దానికి చెప్పిన లక్షణాలు మూడు: శక్తి హరించుకుపోవడం, పని మీద విరక్తి లేదా దూరం పెరగడం, పనిలో సత్తా తగ్గడం. మూడూ మీలో కనిపిస్తుంటే ముందుగా తగ్గాల్సింది భారం.

విసుగు. చిక్కు సమస్య వచ్చిన రోజు +1, రోజువారీ పనికి 0 లేదా -1. ఓపిక ఉంటుంది, దాన్ని ఖర్చుపెట్టే చోటు ఉండదు.

అడ్డంకి. పని బాగానే ఉంటుంది. పై మెట్టు ఖాళీ లేకపోవడం, నిర్ణయాలన్నీ వేరెవరో తీసుకోవడం, చేసినదానికి గుర్తింపు రాకపోవడం బాధపెడతాయి. ‘ఎందుకు’ గడిలో మనుషుల పేర్లు, అనుమతులు, వాయిదాలు ఎక్కువగా కనిపిస్తే ఇదే.

పొసగకపోవడం. ఆ పని జరిగినా జరగకపోయినా మీకు పట్టదు, లేదా అది జరుగుతున్న తీరు మీ మనస్సాక్షికి నచ్చదు. నాలుగింటిలో ఇది తక్కువమందికే ఉంటుంది. కానీ మిగతా మూడూ పైకి ఇలాగే కనిపించడం వల్ల, చాలామంది ఇదే తమ సమస్య అనుకుంటారు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఆసక్తి పోయింది ఆఫీసు మీదేనా, లేక ఇంటిమీద, స్నేహితుల మీద, తిండీ నిద్రల మీద కూడానా? దాదాపు రోజంతా అలాగే ఉంటూ 2 వారాలు దాటితే అది కెరీర్ సమస్య కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. డాక్టరును కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం ఆగకుండా, ఆ రోజే సాయం తీసుకోండి.

3. అలసటైతే కొత్త లక్ష్యాలు పెట్టుకోకండి

తెల్లవారుజామునే లేవడం, కొత్త కోర్సు, వ్యాయామ ప్రణాళిక అన్నీ ఒకేసారి మొదలుపెట్టి పది రోజుల్లో కుప్పకూలేవాళ్లలో ఎక్కువమంది నిజానికి అలసిపోయినవాళ్లే. అడుగంటిన శక్తి మీద ఇంకో బరువు పెట్టడమే అది. ముందు మీ నెత్తిన ఉన్న పనులన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించండి. ఒక్కోదాని పక్కన ‘ఆపొచ్చు’, ‘వేరేవాళ్లకివ్వొచ్చు’, ‘వాయిదా వేయొచ్చు’, ‘నేనే చేయాలి’ అని రాయండి. మొదటి మూడు వర్గాల్లోంచి వారానికి కనీసం 4 గంటలు ఖాళీ చేయడం లక్ష్యం. మీరు ఊరికే కూర్చుంటున్న మీటింగులూ, ఎవరూ తెరిచి చూడని రిపోర్టులూ మొదట పోవాలి.

కొత్త పని వచ్చినప్పుడు కుదరదని మొహం మీద చెప్పలేకపోతే ఇలా అడగండి: ‘సార్, నా చేతిలో ఈ రెండు పనులున్నాయి. ఇది ముందు చేయమంటే వాటిలో ఏది వెనక్కి జరపమంటారు?’ ప్రాధాన్యం తేల్చాల్సింది వాళ్లే కాబట్టి జవాబూ వాళ్లే చెబుతారు. వరసగా 5 నుంచి 7 రోజులు సెలవు దొరికితే ఫోన్లో ఆఫీసు మెయిల్ తీసేసి వాడుకోండి. తిరిగొచ్చాక ఓపిక 2, 3 వారాలైనా నిలవకపోతే భారం తగ్గలేదని అర్థం.

4. ఉన్న ఉద్యోగాన్నే కొంచెం మార్చండి

2001లో ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు ఉద్యోగులు తమ పనిని లోపలి నుంచే మార్చుకునే తీరు గురించి రాశారు. ఏ పనులు చేస్తాం, ఎవరితో కలిసి చేస్తాం, ఆ పనిని ఎలా చూస్తాం అనే మూడు చోట్ల ఆ మార్పు జరుగుతుందన్నారు. వాళ్లు చూపిన ఉదాహరణల్లో ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బంది ఉన్నారు. ఒకే పని చేసేవాళ్లలోనే కొందరు తమది ఊడ్చి తుడిచే ఉద్యోగమన్నారు. మరికొందరు రోగులను పలకరిస్తూ, వాళ్లు కోలుకోవడంలో తమకూ పాత్ర ఉందన్నట్టు పనిచేశారు.

మీ పని గంటల్లో 10 శాతంతో మొదలుపెట్టండి. వారానికి 40 గంటలైతే 4 గంటలు. లెక్కలో ఎక్కువసార్లు -1 పడ్డ ఒక్క పనిని తీసుకుని దాని సమయం సగానికి తగ్గించే దారి వెతకండి: రోజూ ముక్కలు ముక్కలుగా చేసేదాన్ని వారానికి రెండుసార్లు ఒకేసారి చేయడం, ఒక నమూనా తయారుచేసి పెట్టుకోవడం, ఆ పని ఇష్టపడే సహోద్యోగితో మార్చుకోవడం. అలా మిగిలిన గంటల్ని +1 పడ్డ పనికి ఇవ్వండి.

విసుగు మీ సమస్యైతే కష్టం కాస్త పెంచండి. అదే పనిని కొత్తవాళ్లకు నేర్పడం, తప్పులు ఎక్కడ పుడుతున్నాయో వెతికి ఒక పద్ధతి రాయడం, పక్క విభాగంతో కలిసి చేసే చిన్న ప్రాజెక్టులో చేరడం మంచి మార్గాలు. ఇది పనిచేయడానికి కారణం ఉంది. మనిషి తనంతట తానుగా పనిచేయాలంటే సొంత నిర్ణయం, చేయగలనన్న నమ్మకం, తోటివారితో అనుబంధం అనే మూడూ కావాలని ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పారు. మీ రోజులో వీటిలో ఏది ఎండిపోయిందో చూసి ఆ చోటే మార్పు చేయండి.

5. మేనేజర్‌తో మాట్లాడండి, ఫిర్యాదుగా కాదు

చాలామంది ప్రయత్నం ఇక్కడే చెడిపోతుంది. ‘నాకు ఇక్కడ ఎదుగుదల లేదు’ అంటే వినేవాళ్లకు అది నింద. ‘చూద్దాం’ అని దాటేస్తారు. అప్రైజల్ రోజున ఈ మాట ఎత్తకండి, ఆ రోజు అందరి దృష్టీ జీతం మీదే ఉంటుంది. అప్రైజల్‌కు కనీసం 2, 3 నెలల ముందు, విడిగా అరగంట సమయం అడగండి.

ఒక పేజీ కాగితం తీసుకెళ్లండి. అందులో గత 6 నెలల్లో మీ పనివల్ల వచ్చిన మూడు ఫలితాలు అంకెలతో ఉండాలి. మీరు చేపట్టాలనుకుంటున్న ఒక్క పని, దానికి వారానికి ఎన్ని గంటలు పడతాయి, ఆ గంటలు దేన్నుంచి వస్తాయి అనేవి కూడా రాయండి. ఆ చివరిది చాలామంది మర్చిపోతారు. మేనేజర్ మనసులో మెదిలే మొదటి ప్రశ్నే అది: ‘మరి ఇప్పుడున్న పని ఎవరు చేస్తారు?’

‘6 వారాలు ప్రయత్నించి చూద్దాం, కుదరకపోతే పాత పద్ధతికే వెళ్దాం’ అని అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వెనక్కి తీసుకోగల నిర్ణయానికి ఎవరూ పెద్దగా భయపడరు. ప్రమోషన్ సంగతైతే ‘ఎప్పుడిస్తారు’ అనకండి. ‘ఆ స్థాయికి నేను సరిపోతానని మీరు అనుకోవాలంటే, నేను ఏం చేయగా మీరు చూడాలి? ఎప్పటిలోగా?’ అని అడగండి. జవాబు వచ్చిన రోజే, మాట్లాడుకున్నవి నాలుగు వాక్యాల్లో మెయిల్ పెట్టండి. ఒప్పుకున్న తేదీ రెండుసార్లు కారణం లేకుండా వాయిదా పడితే ఆ తలుపు మూసి ఉందనే అనుకుని 7వ మెట్టుకు వెళ్లండి.

6. ఉత్సాహం రోజూ ఎలా నిలుస్తుంది

టెరెసా ఏమబీల్ అనే పరిశోధకురాలి బృందం 238 మంది ఉద్యోగులు రాసిన దాదాపు 12,000 డైరీ పేజీలను పరిశీలించింది. అర్థమున్న పనిలో ఎంతో కొంత ముందుకు కదిలామన్న భావనకు మించి మనసును ఉల్లాసపరిచేది మరొకటి కనిపించలేదు. అందుకే సాయంత్రం లేచేముందు ‘ఈరోజు కదిలింది ఏమిటి’ అని ఒక వాక్యం రాయండి. దాని కిందే రేపటి మొదటి పని రాయండి. ‘ప్రెజెంటేషన్ చేయాలి’ అని కాకుండా ‘రెండో స్లైడుకు గత నెల అంకెలు తెచ్చుకోవాలి’ అన్నంత చిన్నగా ఉండాలి. పెద్ద మాట చూస్తే చేయి ఆగిపోతుంది.

వాయిదా పడుతున్న పనికి ‘ఫలానా అప్పుడు ఫలానా చేస్తాను’ అని ముందే ముడి వేయండి: ‘సిస్టం ఆన్ చేయగానే, మెయిల్ తెరవక ముందు, 25 నిమిషాలు రిపోర్టు రాస్తాను.’ పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త ఈ తరహా ప్రణాళికల మీద చాలాకాలం పనిచేశారు. 2006లో 94 పరీక్షల ఫలితాలు కలిపి చూసినప్పుడు ఇది లక్ష్యాలు సాధించడానికి గట్టిగా తోడ్పడుతుందని తేలింది. ఇక అలవాటు 21 రోజుల్లో పడుతుందన్న మాట నమ్మకండి. 2010లో వెలువడిన ఒక లండన్ అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి అది 18 నుంచి 254 దాకా ఉంటుందని అంచనా వేశారు. మధ్యలో ఒకరోజు తప్పితే నష్టమేమీ కనిపించలేదు. కాబట్టి ఒకరోజు రాయకపోతే మర్నాడు మళ్లీ రాయండి, అంతే.

7. బయట ఏముందో చూడండి

రాజీనామా ఆలోచన లేకపోయినా ఈ పని చేయాలి. మీకు నచ్చే హోదాల ఉద్యోగ ప్రకటనలు 10 నుంచి 15 దాకా తీసి, అడుగుతున్న నైపుణ్యాలను లెక్కపెట్టండి. ఎక్కువసార్లు కనిపించి, మీకు లేనిదాన్ని ఒక్కటే ఎంచుకోండి. వారానికి 3 గంటల చొప్పున 8 వారాలు పెట్టండి. చివరికి చూపించడానికి ఒక వస్తువు ఉండాలి: ఒక నివేదిక, ఒక చిన్న ప్రోగ్రాం, ఒక డిజైన్. కోర్సు వీడియోలు చూసి సర్టిఫికెట్లు పోగేస్తే నేర్చుకున్నట్టు అనిపిస్తుందే తప్ప, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది.

పరిచయాల విషయంలో దగ్గరి స్నేహితుల కంటే కాస్త దూరపు పరిచయస్తులే ఎక్కువ ఉపయోగపడతారు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే ఇది రాశారు. లింక్డ్ఇన్‌లో 2 కోట్ల మంది మీద జరిపి 2022లో ప్రచురించిన ప్రయోగాల్లోనూ, మరీ దగ్గర కాని, మరీ దూరం కాని పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయపడ్డాయి. మన స్నేహితులకు తెలిసింది చాలావరకు మనకూ తెలుసు, దూరపు పరిచయస్తులకు తెలిసినవి వేరు. పాత సహోద్యోగులు, సీనియర్లలో 6 నుంచి 8 మందికి చిన్న సందేశం పంపండి. ఉద్యోగం అడగకండి, 20 నిమిషాలు అడగండి: ‘మీరు చేస్తున్న పని గురించి తెలుసుకోవాలనుంది. మీ రోజులో ఎక్కువ సమయం దేనికి పోతుంది? ఇందులో మీకు నచ్చనిదేమిటి?’ ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ఏ ప్రకటనలోనూ దొరకదు.

8. 12వ వారం చివర తేల్చుకోండి

మరో 5 రోజులు అదే నాలుగు గడుల లెక్క రాసి పాతదానితో పోల్చండి. -1లు చెప్పుకోదగ్గంత తగ్గితే ఉండి, ఇంకో మార్పు మొదలుపెట్టండి. తగ్గకపోయినా, కారణం అడ్డంకో పొసగకపోవడమో అయినా వెతుకులాట మొదలుపెట్టండి. చేతిలో కొత్త ఆఫర్ లెటర్ లేకుండా మానేయాలంటే కనీసం 6 నెలల ఇంటి ఖర్చులు పక్కన ఉండాలి. లేకపోతే భయంతో దొరికిన మొదటి ఉద్యోగమే ఒప్పుకుంటారు, అది పాతదాని నకలే కావచ్చు. ఇంటర్వ్యూల్లో మీ -1 జాబితా వెంట ఉంచుకుని వాటి గురించే సూటిగా అడగండి: ఒక రిపోర్టును ఎంతమంది మారుస్తారు, నిర్ణయం ఎవరిది, ఈ స్థానంలో ఇంతకుముందున్నవారు ఎందుకు వెళ్లారు?

కుటుంబ బాధ్యతల వల్ల ఇప్పట్లో మారే వీలు లేనివాళ్లు కూడా ఉంటారు. అలాంటప్పుడు ఉద్యోగాన్ని దాని గంటలకే పరిమితం చేసి, మిగిలిన ఓపికను బయట ఇష్టమైన పనికి పెట్టడం తప్పేమీ కాదు. మళ్లీ చూసుకునే తేదీ మాత్రం ఒకటి, 6 నెలల తర్వాతదైనా, క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.