ఫైర్ అండ్ సేఫ్టీ ఇంజినీరింగ్: సీటు తీసుకునే ముందు, తీసుకున్నాక

‘ఫైర్ అండ్ సేఫ్టీ’ పేరుతో మన దగ్గర రెండు రకాల చదువులు నడుస్తున్నాయి. ఒకటి ఇంటర్ ఎంపీసీ అయ్యాక చేరే నాలుగేళ్ళ ఇంజినీరింగ్ డిగ్రీ. రెండోది బస్టాండు గోడల మీద పోస్టర్లలో కనిపించే ఆరు నెలల సర్టిఫికెట్. సైట్‌లో వెల్డింగ్ జరిగేచోట ఫైర్ వాచ్‌గా నిలబడటానికి రెండోది అక్కరకు రావచ్చు. చట్టం అడిగే సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు మాత్రం అది చాలదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం కింద రాష్ట్రాలు పెట్టుకున్న నియమాల్లో సాధారణంగా కనిపించే అర్హతలివి: ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో 2 ఏళ్ళ అనుభవం, డిప్లొమా అయితే 5 ఏళ్ళు, దానిపైన రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీ లేదా డిప్లొమా, కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష. ఫీజు కట్టే ముందు కాలేజీ వాళ్ళను ‘ఈ కోర్సును ఏ ప్రభుత్వం గుర్తించింది, ఆ ఉత్తర్వు చూపించండి’ అని అడగండి. ‘మా సర్టిఫికెట్ ఇంటర్నేషనల్’ అన్న సమాధానం వస్తే లేచి వచ్చేయండి.

డిగ్రీల్లోనూ మొగ్గు తేడా ఉంటుంది. కొచ్చి దగ్గర కళమస్సేరిలోని కుసాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ) ఇచ్చే బి.టెక్ సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ ఫ్యాక్టరీల వైపు చూస్తుంది. నాగపూర్‌లోని నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ అగ్నిమాపక సేవ వైపు చూస్తుంది, ప్రవేశానికి శారీరక ప్రమాణాలు కూడా ఉంటాయి. కెమికల్, మెకానికల్ చదివి తర్వాత ఇటు రావాలనుకునేవాళ్ళకు తిరుచ్చి ఎన్‌ఐటీలో ఇండస్ట్రియల్ సేఫ్టీ ఎం.టెక్ ఉంది. అడిగితే చెప్పేదొకటే: ఫార్మా, రిఫైనరీల మీద మనసుంటే కెమికల్ బి.టెక్ చేసి, తర్వాత సేఫ్టీ చదవడం గట్టి దారి.

చేరినవాళ్ళు మొదట్లో ఫ్లూయిడ్ మెకానిక్స్‌ను (ద్రవాల ప్రవాహం లెక్కలు) పాస్ మార్కులతో దాటించేస్తారు. తర్వాత స్ప్రింక్లర్ (మంట వేడికి తెరుచుకుని పైనుంచి నీళ్ళు చల్లే తల) డిజైన్‌లో అది వడ్డీతో సహా వసూలవుతుంది. ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం.

ఆర్డినరీ హజార్డ్ (మంట ప్రమాదం మధ్యస్థంగా ఉండే) భవనంలో చదరపు మీటరుకు నిమిషానికి 5 లీటర్ల నీళ్ళు పడాలి, ఒక్కో స్ప్రింక్లర్ 12 చదరపు మీటర్లు చూసుకుంటుంది అనుకుందాం. అంటే చివరి స్ప్రింక్లర్‌కు నిమిషానికి 60 లీటర్లు కావాలి. స్ప్రింక్లర్‌లోంచి వచ్చే ప్రవాహం = కె × √పీడనం. కె-ఫ్యాక్టర్ (స్ప్రింక్లర్ రంధ్రం సైజును బట్టి ఉండే సంఖ్య) 80 అయితే, 60ని 80తో భాగించి వర్గం చేయండి: 0.56 బార్. ఇక పైపు. 25 ఎంఎం మీడియం క్లాస్ పైపులో పైపు ఘర్షణ వల్ల పోయే పీడనాన్ని లెక్కించే హేజెన్-విలియమ్స్ సూత్రంతో, సి విలువ (పైపు లోపలి నునుపును చెప్పేది) 120 తీసుకుంటే, ఈ ప్రవాహానికి మీటరుకు సుమారు 0.017 బార్ పోతుంది. రెండో స్ప్రింక్లర్ 3.5 మీటర్ల అవతల ఉంటే మధ్యలో పోయేది 0.06 బార్. కాబట్టి రెండోదాని దగ్గర పీడనం 0.62 బార్. అక్కడ పడేది 60 కాదు, 63 లీటర్లు. రెండూ కలిపి 123. పంపు వైపు నడిచేకొద్దీ ఒక్కో స్ప్రింక్లర్ దగ్గరా ఇలా పెరుగుతూ పోతుంది.

ఇక్కడ జారిపడే చోట్లు రెండు. స్ప్రింక్లర్ల సంఖ్యను 60తో గుణించి పంపు ఎంచుకోవడం మొదటిది. అలా ఎంచుకున్న పంపు చిన్నదవుతుంది, నిజంగా తలలు తెరుచుకున్నప్పుడు చివరిదానికి నీళ్ళు అందవు. రెండోది పైపు వ్యాసం. 25 ఎంఎం అన్నది పేరు మాత్రమే, ఐఎస్ (భారత ప్రమాణం) 1239 మీడియం క్లాస్‌లో లోపలి వ్యాసం సుమారు 27.3. సూత్రంలో వ్యాసం 4.87 ఘాతంలో ఉంటుంది కాబట్టి 27.3 బదులు 25 వేస్తే ఘర్షణ నష్టం 53 శాతం ఎక్కువ చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఈ తప్పు పట్టదు, మీరు ఇచ్చిందే లెక్కిస్తుంది. అందుకే ముందు కనీసం ఒక చిన్న ట్రీ సిస్టమ్‌ను (చెట్టు కొమ్మల్లా చీలే పైపుల అమరిక) కాగితం మీద, క్యాలిక్యులేటర్‌తో చివరిదాకా చేయండి.

కోడ్‌లు బట్టీ పట్టాల్సిన పనిలేదు గానీ ఏ ప్రశ్నకు ఏది తెరవాలో తెలియాలి. భవనాలకు నేషనల్ బిల్డింగ్ కోడ్ (ఎన్‌బీసీ) 2016లోని 4వ భాగం, స్ప్రింక్లర్లకు ఐఎస్ 15105, డిటెక్షన్‌కు ఐఎస్ 2189, ఎక్స్‌టింగ్విషర్ల ఎంపికకు, నిర్వహణకు ఐఎస్ 2190, సేఫ్టీ ఆడిట్‌కు ఐఎస్ 14489. భారత ప్రమాణాలను బీఐఎస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. జిరాక్స్ షాపులో దొరికే పాత ప్రతులు వద్దు, సవరణలు అందులో ఉండవు.

పరికరాలు నేర్చుకోవడానికి సొంత క్యాంపస్ పంపు రూమ్‌ను మించిన ల్యాబ్ లేదు. అనుమతి తీసుకుని ఎలక్ట్రీషియన్‌తో వెళ్ళండి. ముందు ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్ చూడండి: మెయిన్ పంపు ‘ఆటో’లో ఉందా, ‘మాన్యువల్’లో ఉందా? లీకుల వల్ల మాటిమాటికీ స్టార్ట్ అవుతోందని మాన్యువల్‌లో పెట్టి మరచిపోవడం మన భవనాల్లో మామూలు జబ్బు. తర్వాత జాకీ పంపు (లైన్లో పీడనం తగ్గకుండా చూసే చిన్న పంపు) దగ్గర పదిహేను నిమిషాలు నిలబడండి. అది రెండు మూడు నిమిషాలకోసారి తిరుగుతుంటే లైన్లో ఎక్కడో నీళ్ళు పోతున్నాయి, లేదా నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పట్టడం లేదు. డీజిల్ పంపు బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి పేరుకుందా? సక్షన్ వాల్వ్ (పంపులోకి నీళ్ళు వచ్చే వైపుది) పూర్తిగా తెరిచి ఉందా? హ్యాండ్‌వీల్‌ను చూసి ఊరుకోకండి, స్పిండిల్ ఎంత బయటికి ఉందో చూడండి. అక్కడి నుంచి అన్నిటికంటే దూరంగా, ఎత్తులో ఉన్న హైడ్రంట్‌కు వెళ్ళి గేజ్ పెట్టించి, నీళ్ళు పారుతుండగా పీడనం రాసుకోండి. ఎన్‌బీసీ ప్రకారం అక్కడ 3.5 బార్ ఉండాలి. నీళ్ళు పారకుండా తీసిన రీడింగ్ ఎప్పుడూ బాగానే ఉంటుంది, దానితో ఏమీ తేలదు.

కన్‌ఫైన్డ్ స్పేస్ పర్మిట్‌ను (ట్యాంకు, సంపు లాంటి ఇరుకు చోట్లలోకి దిగే ముందు రాసే అనుమతి పత్రం) సిలబస్‌లో ఒక పేజీలో ముగిస్తారు, ఫ్యాక్టరీలో మనుషుల ప్రాణాలు తీసే చోట్లలో మాత్రం అదొకటి. గ్యాస్ పరీక్షకు వరుస ఉంది: ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువు, ఆపైన విషవాయువు. మండే వాయువును కొలిచే క్యాటలిటిక్ సెన్సర్ పనిచేయడానికే ఆక్సిజన్ కావాలి. ట్యాంకులో ఆక్సిజన్ పడిపోతే అది తక్కువ చూపించి మోసం చేస్తుంది. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా కొలవాలి, ఎందుకంటే మీథేన్ పైకి చేరుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ అడుగుకు దిగుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దగ్గరకు వచ్చేసరికి ముక్కు మొద్దుబారుతుంది, కుళ్ళిన గుడ్ల వాసన ఆగిపోయిందని లోపలికి దిగితే అంతే. పడిపోయినవాణ్ణి లాగడానికి ఒకరి వెనుక ఒకరు దిగి ముగ్గురు, నలుగురు పోవడం ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) సంపుల దగ్గర పదేపదే జరిగే సంగతి. ట్రైపాడ్, వించ్, హార్నెస్‌లతో బయటి నుంచే లాగే ఏర్పాటు లేకపోతే పర్మిట్ మీద సంతకం పెట్టకూడదు.

ప్రమాద నివేదికలు చదివేటప్పుడు ‘ఎవరిది తప్పు’ దగ్గర ఆగకండి, ఒక్కో కారణం మీ సిలబస్‌లో ఏ సబ్జెక్టులోదో పక్కన రాసుకోండి. విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ లీకై 12 మంది చనిపోయిన ఘటనపై రాష్ట్ర ప్రభుత్వ హైపవర్ కమిటీ ఇచ్చిన నివేదిక దీనికి మంచి మొదలు. పాలిమరీకరణను ఆపే టీబీసీ అనే రసాయనం చాలకపోవడం కెమిస్ట్రీ. ఉష్ణోగ్రత కొలత ట్యాంకు అడుగున మాత్రమే ఉండి, పైపొర వేడెక్కడం కనపడకపోవడం ఇన్‌స్ట్రుమెంటేషన్. 2019 డిసెంబరులో పైపింగ్ మార్చడం మేనేజ్‌మెంట్ ఆఫ్ ఛేంజ్ (మార్పు చేసే ముందు దాని ప్రమాదాలు చూసుకునే పద్ధతి). హజాప్ (ప్లాంటులో ఏది ఎలా తప్పవచ్చో గడిగడిగా పరిశీలించే పద్ధతి) క్లాసులో ‘ఉష్ణోగ్రత ఎక్కువ’ అన్న గడి నింపేటప్పుడు ‘ఎక్కడి ఉష్ణోగ్రత’ అని అడగాలనిపిస్తే ఆ నివేదిక వంటబట్టినట్టే.

ఇంటర్న్‌షిప్‌కు పెద్ద పేరున్న కంపెనీ కంటే పని ఎక్కువ జరిగే చోటు చూసుకోండి, మరమ్మతులకు షట్‌డౌన్ నడుస్తున్న ప్లాంటైతే మరీ మంచిది. ఒకే వారంలో హాట్ వర్క్ (వెల్డింగ్ లాంటి నిప్పు పని), ఎత్తులో పని, లాకౌట్ (మరమ్మతు చేసే యంత్రం స్టార్ట్ కాకుండా తాళం వేయడం) అన్నీ కళ్ళముందే జరుగుతాయి. పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్, బెంగాల్ కార్మికులు చాలామంది. టూల్‌బాక్స్ టాక్ (పని మొదలుపెట్టే ముందు చెప్పే భద్రతా మాటలు) తెలుగులో చెప్పి సంతకాలు తీసుకుంటే రిజిస్టరు నిండుతుంది గానీ ఎవరికీ ఎక్కదు. చివరి ఏడాది లోపు పని నడిచేంత హిందీ పట్టుకోండి.

ఉద్యోగాల సంగతికొస్తే, పాత ఫ్యాక్టరీల చట్టంలో 1000 మంది కార్మికులున్న ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరిగా ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఓఎస్‌హెచ్ కోడ్ 2020 (పనిచోట భద్రత, ఆరోగ్యం మీద కొత్త చట్టం) దాన్ని 500కు దించింది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీకి, నిర్మాణ పనులకు 250, గనులకు 100. గల్ఫ్ వెళ్ళేవాళ్ళను నెబోష్ ఐజీసీ (బ్రిటన్ సంస్థ ఇచ్చే సేఫ్టీ సర్టిఫికెట్) అడుగుతారు, దాన్ని డిగ్రీ చివరి సెమిస్టర్లో రాసుకోవచ్చు, ముందే తొందరపడి డబ్బు పోసుకోనక్కర్లేదు.