రాళ్లను చదవడం – 4వ పాఠం: బంకమట్టి నుంచి బెజవాడ కొండ దాకా

బంకమట్టి పొరలు పూడిపోయి షేల్‌గా గట్టిపడటం కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఆ షేల్‌ను ఇంకా లోతుకు దింపుదాం. ముందుగా ఒక మాట: రూపాంతరం (వేడికి, ఒత్తిడికి రాయి మరో రాయిగా మారడం) అంటే కరగడం కాదు. రాయి గట్టిగా ఉండగానే లోపలి ఖనిజాలు విడిపోయి, అవే మూలకాలు కొత్త ఖనిజాలుగా కూడుకుంటాయి. పూర్తిగా కరిగి మళ్లీ గడ్డకడితే అది అగ్నిశిల.

భూమి లోపలికి పోయేకొద్దీ మామూలుగా కిలోమీటరుకు 25–30 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరుగుతుంది. సుమారు 200 డిగ్రీలు దాటాక మట్టి ఖనిజాలు సన్నని అభ్రకంగా మారుతూ వస్తాయి. పక్కల నుంచి నలిపే ఒత్తిడికి ఆ రేకులన్నీ ఒకే వాలుకు తిరుగుతాయి. అందుకే మార్కాపురం పలకరాయి అంత పల్చగా చీలుతుంది. వేడి ఇంకా పెరిగితే రేకులు కంటికి కనబడేంత ఎదిగి రాయి షిస్ట్ అవుతుంది. 800 డిగ్రీలు దాటేసరికి అభ్రకమే నిలవదు. దానిలోని నీరు వదిలిపోయి గార్నెట్, సిల్లిమనైట్, ఫెల్డ్‌స్పార్ అనే కొత్త ఖనిజాలు పుడతాయి. విజయవాడ కొండల్లో కనిపించే ఖోండలైట్ అనే రాయి ఈ మెట్టు దాకా వెళ్లినదే. ఆ వేడిలో రాయి కొంత మేర కరగడమూ ఉంది. ముదురు పట్టీల మధ్య కనబడే లేతరంగు ముతక పట్టీలు చాలావరకు అలా వచ్చినవే.

మార్కాపురం రాయే ఇక్కడికొచ్చి ఖోండలైట్ అయిందనుకోకండి. రెండూ వేర్వేరు మట్టి. దారి ఒకటే, ఆగిన మెట్టు వేరు.

చేతిలో రాయి ఉన్నప్పుడు పేరు కోసం తొందరపడొద్దు. ఇది ముందు ఏమై ఉండేదో అడగండి. కావలసినవి పదింతల భూతద్దం, ఇనుప మేకు, చిన్న గాజు ముక్క, సీసాడు వెనిగర్, సుత్తి, కళ్లద్దాలు. కొండ కోసిన చోట గోడ కింద నిలబడి రాయి కొట్టొద్దు, వానాకాలంలో అసలే వద్దు. 2024 ఆగస్టు ఆఖరున విజయవాడ మొగల్రాజపురంలో చరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. కింద పడి ఉన్న ముక్క చాలు.

ముక్కను పగలగొట్టి లోపలి ముఖం చూడండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఖోండలైట్ పైపొర తుప్పు రంగులో మెత్తబడి ఉంటుంది, దాన్ని చూసి ఇసుకరాయి అనేస్తారు. తాజా ముఖం మీద పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ మధ్య ఎర్రగోధుమ చుక్కలు కనిపిస్తాయి. చుక్క గార్నెట్టో తుప్పు మరకో తేల్చాలంటే గాజు మీద గీయండి. గార్నెట్ గాజును గీస్తుంది. తుప్పు పొడిపొడిగా రాలి వేలికి అంటుకుంటుంది. బూడిదరంగు రేకు కాగితం మీద నల్లగా గీత పెడితే గ్రాఫైట్ (పెన్సిల్ ములుకులో ఉండేది). ఖోండలైట్‌లో అది తరచూ కనబడుతుంది.

పట్టీలున్నాయి కదా అని వాటిని నీటిలో పేరుకున్న పొరలనుకోవడం రెండో పొరపాటు. రూపాంతర పట్టీలు ఒకచోట ఉబ్బుతాయి, మరోచోట సన్నబడతాయి, మడతలు పడతాయి. పలకరాయిలో అయితే చీలే వాలుకు అడ్డంగా, ఏటవాలుగా రంగు చారలు కనబడొచ్చు. పాత మట్టి పొరలు ఆ చారలే. చీలిక మాత్రం తర్వాత వచ్చిన ఒత్తిడి పని. ఒకే ముక్కలో రెండు కాలాలు దొరుకుతాయి కాబట్టి అలాంటిది కనబడితే తప్పక దాచుకోండి.

ఇక సున్నపురాయి. వెనిగర్ చుక్కకు బుడగలొస్తే (మేకుతో గీకిన పొడి మీద వేస్తే బాగా తెలుస్తుంది) అందులో కాల్సైట్ (సున్నపురాయిలోని ముఖ్య ఖనిజం) ఉంది. అయితే పాలరాయి కూడా అలాగే పొంగుతుంది. రెంటినీ విడదీసేది పలుకు, అంటే రాయిలోని స్ఫటిక రేణువు. పాలరాయి విరిగిన ముఖం పంచదారలా తళుక్కుమంటుంది, సున్నపురాయి ముఖం సన్నని పలుకులతో, మెరుపు లేకుండా ఉంటుంది. అమరావతి శిల్పాలను పాలరాయి అనడం వాడుక, కానీ అది పల్నాటి సున్నపురాయే. ఆ మెట్టు ఎక్కలేదు.

పిడుగురాళ్ల బట్టీలో 900 డిగ్రీల దగ్గర సున్నపురాయి సున్నమైపోతుంది. మరి అంత వేడి తగిలినా భూమిలో పాలరాయి ఎలా అవుతుంది? బట్టీలో రాయి వదిలే కార్బన్ డయాక్సైడ్ పొగతోపాటు పైకి పోతుంది. లోతులో కిలోమీటర్ల రాయి బరువు కింద ఆ వాయువుకు బయటికి దారి ఉండదు. కాల్సైట్ విడిపోకుండా, చిన్న పలుకులు కలిసి పెద్దవవుతాయి. అంటే వేడి ఒక్కటే లెక్క కాదు, ఒత్తిడీ చూడాలి.

5వ పాఠంలో ఖోండలైట్ మళ్లీ మట్టి కావడం చూస్తాం. దానికి కృష్ణ ఇసుక ఒక గుప్పెడు కడిగి, ఎండబెట్టి ఉంచండి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇసుకలో తిప్పండి, లేకపోతే అంటుకున్న నల్ల రేణువులు ఊడిరావు. వాటిని ఒక పొట్లంలో, మిగిలిన ఇసుకలో ఎర్రగా కనబడే రేణువులను మరో పొట్లంలో కట్టుకోండి.