ప్రభుత్వం మారింది సరే, మీకేం మారుతుందో తేల్చుకోవడం ఎలా

ఫలితాలు వచ్చిన వారం రోజులూ ఊళ్ళో రెండే మాటలు వినపడతాయి. "ఇక చూడు, అంతా మారిపోద్ది" అని కొందరు, "ఎవరొచ్చినా మన కష్టం మనకు తప్పదు" అని కొందరు. రెండూ నమ్మకండి. కొన్ని పనులకు ప్రభుత్వం మారడం ప్రాణం మీదకొచ్చే విషయం, కొన్నిటికి బోర్డు మీద పేరు మారడం తప్ప ఏమీ ఉండదు. మీది ఏ రకమో తెలియాలంటే పార్టీ సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ పని దేని మీద నిలబడి ఉందో చూడాలి: అసెంబ్లీ చేసిన చట్టం మీదా, ప్రభుత్వం తనంతట తాను ఇచ్చే జీవో (ఉత్తర్వు) మీదా, లేక ఎవరో ఒక నాయకుడి నోటిమాట మీదా? ఉదాహరణలు ఎక్కువగా ఆంధ్రవే చెప్తాను, 2019లో 151 సీట్లు గెలిచిన పార్టీ 2024లో 11కి పడిపోయిన చోటు కాబట్టి మార్పు అంటే ఏంటో అక్కడ బాగా కనపడుతుంది.

ముందు ఒక కాగితం మీద ప్రభుత్వంతో మీ ఇంటికున్న లావాదేవీలన్నీ రాయండి. అమ్మమ్మ పింఛను, రైస్ కార్డు, పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్, పొలం పాస్‌బుక్, తమ్ముడి అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం, రావాల్సిన బిల్లు, చెల్లి రాయబోయే డీఎస్సీ. పాస్‌పోర్టు, పీఎఫ్, రైల్వే ఉద్యోగం లాంటివి రాయక్కర్లేదు, అవి రాష్ట్రం చేతిలో లేనే లేవు.

తర్వాత ఒక్కోదాని పక్కన డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో రాయండి. రేషన్ బియ్యమే తీసుకోండి. 2013 ఆహార భద్రత చట్టం కింద మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు, 2023 జనవరి నుంచి కేంద్రం వాటిని ఉచితంగానే ఇస్తోంది, ఆ లెక్కలోకి రాని కార్డులకు రాష్ట్రం తన డబ్బు పెట్టుకుంటుంది. 2021లో బియ్యం బండి ఇంటి ముందుకు వచ్చింది, 2025 జూన్ 1 నుంచి మళ్ళీ మనమే షాపుకు పోతున్నాం. దీని మీద ఎంత గొడవ జరిగినా సంచిలో పడే బియ్యం మాత్రం అవే. అయితే నడవలేని ముసలావిడ ఉన్న ఇంటికి బండి పోవడం చిన్న విషయం కాదు, అందుకే 65 దాటినవాళ్ళకూ దివ్యాంగులకూ ఇంటికే ఇస్తామన్నారు. మీ డీలరు ఇస్తున్నాడో లేదో మీరు అడిగితేనే తేలుతుంది.

రాష్ట్రం సొంతంగా పెంచుకోగలిగే ఆదాయం ఏముందో కూడా తెలుసుకోండి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక పెద్దగా మిగిలినవి మద్యం, పెట్రోలు డీజిల్ మీద వ్యాట్, రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు మద్యం పాలసీని ఎందుకు ముట్టుకుంటారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 2019లో షాపులు ప్రభుత్వమే పెట్టింది, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకు లాటరీ తీసి ఇచ్చారు. అప్పు చేద్దామన్నా కేంద్రం అనుమతి కావాలి. జీతాలు, పింఛన్లు, పాత అప్పు మీద వడ్డీ ఏ పార్టీ అయినా కట్టాల్సిందే, మిగిలిన దాంట్లోంచే కొత్త హామీలు రావాలి.

అసలు విషయం చట్టమా జీవోనా అన్నది. భూమి హక్కుల మీద వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ చట్టం కాబట్టి దాన్ని తీసేయడానికి 2024లో అసెంబ్లీలో రద్దు బిల్లు పెట్టాల్సి వచ్చింది. పాస్‌బుక్ మీద జగన్ ఫోటో తీసేసి రాజముద్ర పెట్టడానికి అంత అవసరం లేదు. వాలంటీర్ల సంగతి ఇంకా తేలిగ్గా అయిపోయింది. నెలకు 5,000 గౌరవ వేతనంతో ఇంటింటికీ తిరిగిన పిల్లలు వాళ్ళు, ఎన్నికల్లో 10,000 చేస్తామన్న హామీ కూడా విన్నారు, తీరా చూస్తే 2023 ఆగస్టు తర్వాత వాళ్ళ గడువు పొడిగించిన జీవోనే లేదని కొత్త ప్రభుత్వం చెప్పేసింది. 2024 జూలై 1న పెంచిన పింఛను 4,000, పాత మూడు నెలల తేడా 3,000, మొత్తం 7,000 గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులే ఇళ్ళకు తెచ్చిచ్చారు. పింఛను తీసుకునే ఇంటికి లాభం, పింఛను తెచ్చే కుర్రాడికి ఉపాధి పోయింది, రెండూ ఒకే ప్రభుత్వ మార్పు వల్లే. కాబట్టి మీది గానీ మీ ఇంట్లోవాళ్ళది గానీ ఇలాంటి ఉద్యోగమైతే నియామక ఉత్తర్వు నంబరు, దాని గడువు ఇప్పుడే చూసి పెట్టుకోండి.

చట్టం ఉంటే మాత్రం పూర్తి ధీమాగా ఉండొచ్చా అంటే, లేదు. రాజధాని అమరావతికి భూములిచ్చిన రైతుల చేతిలో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) ఒప్పందాలున్నాయి, 2022 మార్చిలో హైకోర్టు వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది, అయినా ఆగిన పనులు ఊపందుకున్నది 2024లో ప్రభుత్వం మారాకే. కోర్టు మీ హక్కును కాపాడగలదు, రోడ్డు వేయించే డబ్బు మాత్రం ప్రభుత్వం తీయాలి. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది, కానీ పోర్టల్ పేరు మారినంత మాత్రాన మీ సర్వే నంబరులో తప్పు దానంతటది సరికాదు, దరఖాస్తు మళ్ళీ మీరే పెట్టుకోవాలి.

పథకాలకొద్దాం. ఇక్కడ జనం పేరు గురించి కొట్టుకుంటారు గానీ పేరు అసలు ముఖ్యం కాదు. మూడే చూడండి: ఎవరికి, ఎంత, ఎప్పటి నుంచి. బడి పిల్లల కోసం ఇచ్చిన పాత అమ్మఒడి ఇంట్లో ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఏడాదికి ఒక్కరి లెక్కే, కొత్త తల్లికి వందనం చదివే పిల్లలందరికీ, కోత పోగా ఒక్కొక్కరికి 13,000. ఇద్దరు పిల్లలుంటే తేడా బాగానే ఉంది. కానీ ఆ డబ్బు మొదటిసారి పడింది 2025 జూన్‌లో, అంటే ప్రభుత్వం వచ్చిన మొదటి బడి ఏడాది ఖాళీగా పోయింది. రైతులకిచ్చే అన్నదాత సుఖీభవ మొదటి విడత 2025 ఆగస్టులో. తెలంగాణలోనూ ఇదే తంతు, రైతుబంధు పోయి ఎకరాకు ఏడాదికి 12,000తో రైతు భరోసా 2025 జనవరిలో మొదలైంది, మధ్యలో 2024 వానాకాలం సాయం పడనే లేదు. మార్పుకు మనం కట్టే అసలు ధర ఈ ఖాళీ సీజనే అని నా ఉద్దేశం. పాత పథకం ఆగిపోతుంది, కొత్తదాని నిబంధనలు తయారవుతుంటాయి, ఎరువుల కొట్టువాడు మాత్రం ఆగడు. అందుకే ప్రభుత్వం మారిన ఏడాది ఇంటి బడ్జెట్‌లో ఆ డబ్బు సున్నా అని రాసుకోండి, దాన్ని చూసుకుని వడ్డీకి తేవద్దు.

బిల్లులు రావాల్సినవాళ్ళు అందరికంటే ముందు జాగ్రత్త పడాలి. మాకు తెలిసినాయన ఒకాయన ఊళ్ళో సీసీ రోడ్డు వేశాడు, పని బాగుంది, ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కింది, బిల్లు కూడా అప్‌లోడ్ అయింది, ఇంతలో ప్రభుత్వం మారింది. ఇక ఆఫీసుకు వెళ్ళినప్పుడల్లా "విజిలెన్స్ చూడాలంట", "నిధుల్లేవంట" అనే తప్ప ఇంకో మాట లేదు. 2019 తర్వాత ఉపాధి హామీ పనుల బిల్లుల కోసం ఎంతోమంది హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. ఎన్నికల ఏడాదిలో పని ఒప్పుకుంటే కొలతలు ఎప్పటికప్పుడు రికార్డు చేయించండి, ఎం-బుక్ పేజీలు, పని ఫోటోలు, మంజూరు ఉత్తర్వు కాపీలు ఇంట్లో పెట్టుకోండి. అసలు నోటిమాట మీద పని మొదలు పెట్టకండి, ఆ మాట ఇచ్చినాయన ఓడిపోతే ఎవర్ని అడుగుతారు?

నాయకుడి మాట మీద నడిచేవి ఇంకా ఉన్నాయి: బదిలీలు, గుడి ట్రస్టు బోర్డు, మార్కెట్ యార్డు చైర్మన్ పదవి, ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్, మధ్యాహ్న భోజనం వంట, రేషన్ డీలర్‌షిప్. అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ప్రభుత్వం మారితే ఎక్కువ గట్టిగా తగిలేది ఇక్కడే, పైగా ఏ మేనిఫెస్టోలోనూ కనపడదు. తీసేస్తున్నాం అని ఎవరైనా అంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి, కాగితం లేకుండా తాళాలూ రిజిస్టర్లూ అప్పజెప్పకండి. స్థానిక సంస్థలకు ఐదేళ్ళ గడువు వేరేగా ఉంటుంది కదా అనుకుంటారు, నిజమే, కానీ విశాఖలో మేయర్ 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో దిగిపోయారు. కార్పొరేటర్లకు గాలి ఎటు వీస్తోందో మనకంటే ముందు తెలుస్తుంది.

మరి మార్పు వచ్చిందా లేదా అని ఎప్పుడు లెక్క తేల్చాలి? మొదటి వంద రోజుల్లో వద్దు, అప్పుడు సంతకాలూ బదిలీలూ మాత్రమే నడుస్తాయి. మొదటి పూర్తి బడ్జెట్ దాకా ఆగండి, 2024లో ఆంధ్రలో అది నవంబరుకు గానీ రాలేదు. అందులో మీ పథకానికి పద్దు ఉందో లేదో చూడండి, లేకపోతే అది ఇంకా ఉపన్యాసమే. పద్దు ఉన్నా ఖర్చు పెడుతున్నారో లేదో వేరే సంగతి, రాష్ట్రం మొత్తం రాబడీ ఖర్చుల నెలవారీ లెక్కలు ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఇక వాట్సాప్‌లో "శాంక్షన్ అయిపోయింది, రేపే ఖాతాల్లో పడుతుంది" అని ఎవరైనా పెడితే జీవో నంబరూ తేదీ అడగండి, చెప్పలేకపోతే వదిలేయండి.