ఓడ దిగే దగ్గర తోపులాట: ఎక్కడ ఇరుక్కుంటాం, ఎలా తప్పించుకోవాలి

విశాఖపట్నం వైపు నుంచి రైల్లో వచ్చే శ్రీకాకుళం వాళ్లని చూడండి. పొందూరు దాటగానే సంచులు దించుకుని తలుపు దగ్గర నిలబడిపోతారు. శ్రీకాకుళం వాళ్లు దిగే స్టేషన్ ఆమదాలవలస, అక్కడ రైలు ఆగేది రెండు నిమిషాలు, అలవాటు అలా పడిపోయింది. అదే అలవాటుతో మేం ఆరుగురం క్రూయిజ్ ఓడ ఎక్కాం. 2022లో విశాఖ నుంచి ఆ ఓడలు మొదలయ్యాక మన వైపు వాళ్లూ ఎక్కుతున్నారు కదా, మళ్లీ వెళ్లేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

సమస్య: రేవు వచ్చింది, అందరం రెడీ, కానీ లైను గంట నుంచి కదలదు

కారణం: ఓడ గట్టుకు ఆనగానే తలుపు తియ్యరు. రేవు అధికారులు కాగితాలు చూసి సరే అనాలి. ఈలోగా వెయ్యిమందికి పైగా లిఫ్టుల ముందుకు చేరిపోతారు. దిగడానికి గ్యాంగ్‌వే, అంటే ఓడ నుంచి గట్టుకు వేసే దారి, ఒకటి, మహా అయితే రెండు. అక్కడ ఒక్కొక్కరూ గది కార్డు మిషన్‌కి చూపించాలి, తెర మీద ఫొటో సరిపోవాలి. మా అత్త కార్డుని రుమాల్లో చుట్టి, రుమాలుని చిన్న సంచిలో పెట్టి, దానికి ముడేసి, పెద్ద సంచి అడుగున పెట్టింది. మిషన్ ముందు నిలబడి ముడి విప్పడం మొదలెట్టింది. "ఎక్కడైనా పడిపోతాదేమోనని భయమేసిందమ్మా" అంది. వెనక వాళ్ల మొహాలు నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు.

పరిష్కారం: కార్డు మెడలో తాడుకి వేలాడాలి. ఇది చిన్న సంగతి. అసలు సంగతి, ఆ మొదటి గంటలో దిగకపోవడం. ఓడ సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది, ఆమదాలవలస కాదు. పై డెక్కు మీద రెయిలింగు దగ్గర నిలబడి కిందకి చూస్తే గట్టు మీద జనం పలచబడటం తెలుస్తుంది. అప్పటిదాకా తీరిగ్గా టిఫిన్ చెయ్యండి. అందరూ దిగే హడావిడిలో ఉంటారు కాబట్టి హాలు సగం ఖాళీ. లిఫ్టు పై అంతస్తుల్లోనే నిండిపోయి వస్తుంది, మోకాళ్లు బాగున్నవాళ్లు మెట్లు దిగడమే నయం. గ్యాంగ్‌వే ఏ డెక్కులో పెడతారన్నది రేవుని బట్టి, ఆటుపోట్లని బట్టి మారుతుంది. నిన్నటి చోటికే వెళ్లి నిలబడకుండా రిసెప్షన్‌లో అడగండి.

బయట టూర్ మాట్లాడుకున్నవాళ్లకి ఈ సలహా పనికిరాదు, వాళ్లు ముందే దిగాలి. ఓడవాళ్ల టూర్ తీసుకుంటే వేరే హాల్లో కూర్చోబెట్టి గుంపుగా తీసుకెళ్తారు. డబ్బులు ఎక్కువే, కానీ పెద్దవాళ్లు వెంట ఉంటే నేనైతే అదే తీసుకుంటాను.

తిరిగి ఎక్కేటప్పుడూ ఇదే కథ. టైము చూసుకునేటప్పుడు ఓడ బయల్దేరే వేళ కాదు, ఎక్కాల్సిన ఆఖరి వేళ చూడాలి. అది అరగంటో గంటో ముందుంటుంది. ఆ ఆఖరి గంటలో ఊరంతా ఒక్కసారే వస్తుంది, మీరు ఇంకాస్త ముందే వచ్చేయండి.

సమస్య: ఓడ సముద్రంలోనే ఆగింది, పడవ కోసం పడిగాపులు

కారణం: లోతు చాలని రేవు. వెనకటికి మన కళింగపట్నంలోనూ అంతే, ఓడ దూరంగా లంగరేస్తే మనుషులూ సరుకూ పడవల్లో ఒడ్డుకి వచ్చేవి. ఇప్పుడు మోటారు పడవలు, లైఫ్ జాకెట్లు, అంతే తేడా.

పరిష్కారం: పొద్దున్నే నంబరు చీటీ ఇస్తారు. చీటీ తీసుకోవడానికి మాత్రం త్వరపడండి, తరవాత పిలిచేదాకా కూర్చోండి. తొలి రద్దీ తగ్గాక చాలాసార్లు చీటీ అడగడమే మానేస్తారు. ఆఖరి పడవకి వద్దాంలే అనుకోకండి, తొలి పడవ కన్నా దానికే తోపులాట ఎక్కువ.

సమస్య: చివరి రోజు సామాను దొరకదు, మన వంతు రాదు

కారణం: ముందు రాత్రే పెట్టెలకి రంగు ట్యాగులు కట్టించి గది బయట పెట్టమంటారు. ఆ రంగుని బట్టే మన వంతు. కింద హాల్లో అన్నీ నల్ల పెట్టెలే.

పరిష్కారం: పెట్టె పిడికి పాత చీర అంచు కట్టండి. మందులు, ఆధార్, మర్నాటి బట్టలు చేతి సంచిలో ఉంచండి. త్వరగా వెళ్లాలంటే ముందురోజే చెప్పి రంగు మార్పించుకోవచ్చు. పెట్టెలు మనమే మోసుకెళ్తామంటే చాలా ఓడల్లో ముందు వదులుతారు. అత్త పెట్టెలో ఊరగాయ జాడీలు ఉన్నందున మాకు ఆ అదృష్టం లేదు.

బిల్లులో తేడా ఉంటే ముందురోజు మధ్యాహ్నమే తేల్చుకోండి. ఆఖరి పొద్దున రిసెప్షన్ లైను గురించి చెప్పక్కర్లేదు.

సమస్య: విశాఖ టెర్మినల్ బయట క్యాబ్ దొరకదు, రైలు టైమైపోతోంది

కారణం: దిగినవాళ్లందరూ ఒకేసారి ఫోన్లు తీస్తారు.

పరిష్కారం: ముందురోజే బండి మాట్లాడుకోండి. విజయనగరం వాళ్లకి రైలు బాగానే ఉంటుంది, అరవై కిలోమీటర్లు, పైగా స్టేషన్ ఊళ్లోనే. కానీ ఓడ దిగే రోజు పొద్దుటి రైలుకి మాత్రం రిజర్వేషన్ చేయించకండి. శ్రీకాకుళం వాళ్లు కాంప్లెక్స్‌కి, అంటే విశాఖ ఆర్టీసీ బస్టాండుకి, వెళ్లి బస్సు ఎక్కడం మేలు. ఒకటి తప్పినా వెనకే ఇంకోటి ఉంటుంది, ఆమదాలవలసలో దిగి ఊళ్లోకి మళ్లీ ఆటో వెతుక్కునే పని ఉండదు.