శాటిలైట్ పలకడం లేదా? పవర్ పెంచే ముందు ఇవి చూసుకోండి

లైసెన్సు కొత్తగా చేతికొచ్చి, శాటిలైట్ల ద్వారా మాట్లాడాలని చూసే హామ్‌లు (సరదాకి రేడియో నడిపేవాళ్లు) నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "పిలుస్తూనే ఉన్నానండీ, ఎవరూ పలకడం లేదు." నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ముందు మీకు శాటిలైట్ వినిపిస్తోందా?" చాలాసార్లు లేదనే అంటారు. లోపం వినడంలో ఉంటే మందు పంపడంలో వెతుకుతారు. ఐదు వాట్లు చాలలేదని యాభై వాట్ల సెట్టు కొంటారు. వాళ్లకు ఎలాగూ వినిపించదు, మాట్లాడుకుంటున్న మిగతావాళ్ల మాట కూడా చెడుతుంది. అందుకే వినిపించనంత వరకు పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) నొక్కొద్దని ప్రతి ఒక్కరినీ బతిమాలతాను.

పాస్ టైముకి మేడెక్కినా ఏమీ వినిపించడం లేదు

పాస్ అంటే శాటిలైట్ మన ఆకాశంలోంచి ఒకసారి దాటిపోవడం. ముందు గడియారం చూడండి. పాస్‌లు చెప్పే యాప్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) టైము చూపిస్తుంటే మనం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. తర్వాత కక్ష్య వివరాలు, అంటే టీఎల్‌ఈ. హామ్‌లు వాడే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని అప్పుడప్పుడు పైకి జరుపుతుంటారు కాబట్టి పాత వివరాలతో లెక్క తప్పుతుంది; వారానికోసారైనా అప్‌డేట్ చేయాలి. వ్యోమగాములు బయటికి వచ్చి పనిచేసేటప్పుడు, కొత్త నౌక వచ్చి అతుక్కునేటప్పుడు అక్కడి రిపీటర్‌ను, అంటే మన మాట అందుకుని తిరిగి కిందికి పంపే సెట్టును, ఆపేస్తారు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా వినపడకపోతే అడ్డం మన ఊరిదే. అపార్ట్‌మెంట్లు, నీళ్ల ట్యాంకుల మధ్య దిగంతం నుంచి 20 డిగ్రీల ఎత్తు లోపు ఆకాశం చాలా మేడల మీద కనిపించదు. మొదట్లో 40 డిగ్రీలు దాటే పాస్‌లే ఎంచుకోండి.

వస్తూ వస్తూ మాయమవుతోంది

దీనికి రెండు కారణాలు. మొదటిది డాప్లర్, అంటే శాటిలైట్ వేగం వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం. అంతరిక్ష కేంద్రం డౌన్‌లింక్ (కిందికి పంపే ఫ్రీక్వెన్సీ) 437.800 మెగాహెర్ట్జ్. అది మన వైపు వస్తున్నప్పుడు దాదాపు 10 కిలోహెర్ట్జ్ పైన, దూరమవుతున్నప్పుడు అంతే కింద వినిపిస్తుంది. 437.810, 437.805, 437.800, 437.795, 437.790 అని ఐదు మెమరీలు పెట్టుకుని వరసగా దిగుతూ రండి. అప్‌లింక్ (మనం పైకి పంపేది) 145.990 కదపక్కర్లేదు.

రెండో కారణం చేతిలోనే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద, బట్టలారేసే తీగల పక్కన, ఒక తమ్ముడు చిన్న యాగీ యాంటెనాను తుపాకీలా బిగించి పట్టుకున్నాడు. గురి సరిగ్గానే ఉంది, వినిపించేది మాత్రం హోరు. "మణికట్టు తిప్పు నాన్నా" అన్నాను. యాంటెనా కడ్డీలు నిలువు నుంచి అడ్డానికి సగం తిరిగాయో లేదో, హోరులోంచి ఒక కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) స్పష్టంగా బయటికొచ్చింది. ఆ పిల్లాడి ముఖం చూడాలి! సిగ్నల్ పోలరైజేషన్, అంటే అలలు ఊగే దిశ, పాస్ పొడవునా మారుతూనే ఉంటుంది, కాబట్టి గురి పెట్టడమే కాదు, తిప్పుతూ ఉండాలి. స్క్వెల్చ్ (హోరును మూసేసే అమరిక) పూర్తిగా తెరిచి పెట్టండి. సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెనాను నమ్ముకోవద్దు.

అందరూ వినిపిస్తున్నారు, నా గొంతే తిరిగి రావడం లేదు

67 హెర్ట్జ్ టోన్, అంటే మన మాటతోపాటు వెళ్లి రిపీటర్‌ను తెరిచే స్వరం, పెట్టారా? అంతరిక్ష కేంద్రానికైనా, ఎస్‌ఓ-50 అనే హామ్ శాటిలైట్‌కైనా అదే టోన్. ఎస్‌ఓ-50 నిద్రలో ఉంటే ముందు 74.4 టోన్‌తో రెండు సెకన్లు నొక్కితే పది నిమిషాల టైమర్ మొదలవుతుంది.

టోన్ ఉన్నా, పీటీటీ నొక్కగానే రిసీవర్ మూగబోతుంటే అది వేరే జబ్బు. 145.990ని మూడుతో గుణించండి: 437.970. మన డౌన్‌లింక్‌కి 170 కిలోహెర్ట్జ్ దూరంలోనే మన హార్మోనిక్, అంటే ఆ మూడు రెట్ల నకలు, పడుతోంది. డిప్లెక్సర్ (రెండు బ్యాండ్లను విడదీసే ఫిల్టర్) పెడితే చాలావరకు తగ్గుతుంది. ఒకే ఖరీదైన సెట్టు కంటే, పంపడానికి ఒకటి, వినడానికి ఒకటి, రెండు హ్యాండ్‌సెట్లు మేలని నా గట్టి అభిప్రాయం. ఇయర్‌ఫోన్ తప్పనిసరి.

పాస్ అంతా గందరగోళం

ఎఫ్‌ఎం శాటిలైట్‌లో ఒకసారికి ఒక్క గొంతే పడుతుంది. ఎవరి సిగ్నల్ బలంగా ఉంటే వాళ్లది. అంతరిక్ష కేంద్రం మన నెత్తిమీద ఉన్నప్పుడు శ్రీలంక నుంచి హిమాలయాల దాకా అందరికీ అదే ఛానెల్, పాస్ మొత్తం పది నిమిషాలే. "హలో హలో టెస్టింగ్" అనడం, సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) మీద సీక్యూ పిలవడం అందరి టైమూ తినేస్తుంది. ఖాళీ దొరికే దాకా ఆగి, వినిపించిన ఒక స్టేషన్‌ని పేరుపెట్టి పిలవండి. మీ కాల్‌సైన్, గ్రిడ్ (మీ ప్రాంతం కోడ్) చెప్పండి, హైదరాబాద్‌ది ఎంకే97. ధన్యవాదాలు చెప్పి తప్పుకోండి. నిన్న మాట్లాడిన మిత్రుడే ఇవాళా వినిపిస్తే పలకరింపు ఫోన్‌లో పెట్టుకోవచ్చు, ఆ నిమిషం కొత్తవాళ్లకు వదలండి. స్కూలు పిల్లలతో వ్యోమగామి మాట్లాడుతుంటే విని ఆనందించండి, పంపొద్దు.

లీనియర్ శాటిలైట్‌లో ఎవరూ పలకడం లేదు

లీనియర్ శాటిలైట్ ఒక్క గొంతు కాకుండా ఒక బ్యాండు మొత్తాన్ని ఒకేసారి అందుకుని కిందికి పంపుతుంది. ఇస్రో 2005లో పంపిన మన హామ్‌శాట్ 2014 దాకా ఇలాంటి ట్రాన్స్‌పాండర్‌తోనే (అందుకుని తిరిగి పంపే సెట్టుతోనే) సేవ చేసింది. ఇప్పుడు ఆర్‌ఎస్-44 అనే శాటిలైట్ మీద నేర్చుకోవచ్చు. ఇది ఫ్రీక్వెన్సీలను తిరగేసి పంపే రకం: పైకి ఎల్‌ఎస్‌బీ, కిందికి యూఎస్‌బీ (సెట్టులో ఎంచుకునే రెండు సైడ్‌బ్యాండ్ మోడ్‌లు). రెండూ ఒకే మోడ్‌లో పెడితే మీ మాట ఎవరికీ అర్థం కాదు. ఎఫ్‌ఎం అసలే వద్దు, 60 కిలోహెర్ట్జ్ బ్యాండులో పావువంతు మీరొక్కరే ఆక్రమిస్తారు. ముందు 435.605 దగ్గర బీకన్ (శాటిలైట్ తనంతట తాను పంపే గుర్తింపు సిగ్నల్) వినండి. మీ గొంతు దానికంటే గట్టిగా వస్తుంటే పవర్ తగ్గించండి, దానితో సమానమయ్యే దాకా.