సైట్లు మారే పిల్లలకు చదవడం నేర్పాలంటే ఎలా?

హైదరాబాద్ శివార్లలో లేస్తున్న అపార్టుమెంట్ల పక్కనే వరసగా రేకుల గదులు కనిపిస్తాయి. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో పనికి వచ్చిన కుటుంబాలు వాటిలో ఉంటాయి. ఇక్కడ పని అయిపోగానే సామాను సర్దుకుని ఇంకో సైటుకు వెళ్లిపోతాయి. అక్కడి పిల్లల్లో పన్నెండు పదమూడేళ్లొచ్చినా ఇంకా కూడబలుక్కుని చదివేవాళ్లుంటారు. వాళ్లకు నేర్పడానికి బీఈడీ అక్కర్లేదు. వారానికి రెండు సాయంత్రాలు కొన్ని నెలల పాటు మానకుండా వెళ్లగలగాలి. అది కుదరదనిపిస్తే మొదలుపెట్టకపోవడమే మంచిది.

1. అనుమతులు, వేళలు

ఒంటరిగా దిగకండి. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న సంస్థ ఏదైనా ఉంటే దానితో కలవండి. సైటులో కాక పిల్లల వసతి గృహంలో చెప్పాలనుకుంటే మీ గుర్తింపు కార్డు, పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు. అడగలేదంటే అనుమానించాల్సింది ఆ గృహాన్నే. సైటులోనైతే ముందు మేస్త్రి, సైట్ ఇంజినీరు, తర్వాత తల్లిదండ్రులు. మేస్త్రి ఊ అనకపోతే తల్లి ఒప్పుకున్నా క్లాసు సాగదు. గది తలుపులు వేసి కాకుండా పదిమందికీ కనిపించే చోట కూర్చోండి.

కూలి పంచే రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ బజారుకు వెళ్తారు, ఆ రోజు క్లాసు పెట్టొద్దు. ఆడపిల్లలు చంటి తమ్ముణ్ని చంకనేసుకుని వస్తారు. వాణ్ని వదిలి రమ్మంటే అక్క కూడా రాదు. ఒక రంగు పెన్సిలు, పాత పేపరు ఇచ్చి వాణ్ని కూడా కూర్చోబెట్టండి.

2. ఎంత వచ్చో చూడండి

"ఏ క్లాసురా?" అంటే "ఐదు" అంటాడు. అది ఊళ్లో బడి రిజిస్టరులో ఉన్న క్లాసు. దాన్ని పక్కన పెట్టి ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాలు, ఒక బుల్లి కథ రాసి చూపించండి. ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి మొదలు. పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే 'అసర్' సర్వేలోనూ ఇలాంటి మెట్లతోనే చూస్తారు. తోటివాళ్ల ముందు వద్దు, ఒక్కొక్కరినీ విడిగా పిలవండి. పదమూడేళ్లవాడు తమ్ముడి ముందు తడబడితే మర్నాటి నుంచి కనిపించడు.

3. నేర్పే పద్ధతి

అ నుంచి ఱ వరకూ వరసగా వల్లె వేయించే తీరిక ఇక్కడ లేదు. ప, ల, క, త, వ ఈ ఐదు అక్షరాలతో మొదలుపెడితే మొదటి రోజే పలక, తల, వల, కల, కలత చదివించవచ్చు. తర్వాత గుణింతాలు, ఆపైన అమ్మ, అన్నం లాంటి వత్తులు. ప, వ, మ, య పక్కపక్కన రాసి తేడా వేలితో దిద్దించండి. చాలామంది తికమకపడేది అక్కడే.

వాళ్లు రోజూ చూసే రాతలే మంచి పాఠం. సైటు గేటు మీద "జాగ్రత్త" అని ఉంటుంది. కాస్త చదవడం వచ్చిన పిల్లాడు "జా... గ..." అని ఆగిపోతాడు. రెండు వత్తులు ఒకేసారి మీద పడ్డాయి మరి. దాన్ని జా, గ్ర, త్త అని మూడు ముక్కలు చేయండి. 'గ్ర' దగ్గర గ్రామం, 'త్త' దగ్గర అత్త, కొత్త, మెత్త రాయించండి. మళ్లీ బోర్డు దగ్గరికి తీసుకెళ్తే గట్టిగా చదువుతాడు. సిమెంటు బస్తాలు, బస్సు బోర్డులు, రీచార్జి మెసేజీలు కూడా ఇలాగే పనికొస్తాయి. పెద్ద పిల్లలకు కాకీ నక్కా కథలు ఇస్తే చిన్నతనంగా భావిస్తారు.

ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలకు ముందు వాళ్ల భాషలోనే కథలు చదివించండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల 'స్టోరీవీవర్'లో తెలుగుతో పాటు ఆ రెండు భాషల కథలూ ఉచితం.

4. ఏ రోజు పాఠం ఆ రోజే

ఇది అన్నిటికన్నా ముఖ్యం. "మిగతాది రేపు" అనొద్దు, ఆ రేపు కుటుంబం లారీ ఎక్కేయవచ్చు. ఒక చిన్న కథ ఎత్తుకుంటే ఆ సాయంత్రమే అయిపోవాలి. చదివిన మాటలతో పిల్లాడే సొంతంగా ఒక వాక్యం రాసుకుని ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్లాలి. ప్రతి పిల్లకూ ఒక నోటుబుక్కు పెట్టి, ఎంతవరకు వచ్చిందో చివరి పేజీలో రాస్తూ ఉండండి. కొత్త చోట చెప్పేవాళ్లకు అదే ఆధారం.

5. బడిలో చేర్పించడం

టీసీ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని ప్రభుత్వ బడి వెనక్కి పంపితే విద్యాహక్కు చట్టం, 2009 గుర్తుచేయండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు టీసీ రావడం ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని 5వ సెక్షన్, వయసు రుజువు లేదని నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతున్నాయి. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్నది 4వ సెక్షన్. హెడ్మాస్టరుతో గొడవ పెట్టుకోకుండా సెక్షన్ నంబర్లు రాసిన అర్జీ చేతికివ్వండి, పని త్వరగా అవుతుంది.

6. చేయకూడనివి

పిల్లల ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. సంరక్షణ గృహాల్లోని పిల్లల వివరాలు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం కూడా. ఇల్లెందుకు వదిలావు, నాన్న ఏడీ అని తవ్వొద్దు. డబ్బు ఇవ్వొద్దు. పిల్ల తనంతట తానే కొడుతున్నారనో, ఎవరో ఇబ్బంది పెడుతున్నారనో చెబితే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. సంస్థ బాధ్యులకు చెప్పి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

బడి వయసు దాటినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీల్లో గానీ, జాతీయ సంస్థ ఎన్ఐఓఎస్‌లో గానీ పదో తరగతికి కట్టవచ్చు. ఫీజు కట్టేముందు ఆధార్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకసారి సరిచూడండి. తప్పులుంటే దరఖాస్తుకు ముందే దిద్దించండి.